డబ్బు పెట్టింది పెద్దలు, పేజీ తిప్పింది పిల్లలు: 1800–1830 నాటి నీతి పుస్తకాల వ్యాపారం

మీరు అడిగినవి స్థూలంగా మూడు ప్రశ్నలు. 1800–1830 మధ్య ఇంగ్లండులో పిల్లల నీతి పుస్తకాలూ పాఠపుస్తకాలూ అంత పెద్ద ఎత్తున ఎందుకు అచ్చయ్యాయి; వాటిని పిల్లలు ఇష్టపడి చదివారా, లేక పెద్దలు బలవంతాన చదివించారా; ఆ వ్యాపారానికీ మన తెలుగు వాచకాలకూ ఏమైనా సంబంధం ఉందా. పాత అచ్చు పుస్తకాల జాబితాలు తయారుచేసే పనిలో చాలా కాలంగా ఉన్నాను. అందువల్ల సాహిత్య చరిత్రల్లో మామూలుగా చెప్పే క్రమాన్ని పక్కన పెట్టి, పుస్తకానికి డబ్బు పెట్టింది ఎవరు అన్న వైపు నుంచి సమాధానం చెబుతాను. ఆ పుస్తకాల్లో మనకు వింతగా తోచేవాటికి చాలావరకు కారణం అక్కడే దొరుకుతుందని నా అభిప్రాయం. వాటిలోని నీతి కొనే పెద్దవారిని ఒప్పించడానికి ఉండేది, బొమ్మా రంగూ ప్రాసా చేతిలోకి తీసుకునే పిల్లవాణ్ణి నిలపడానికి ఉండేవి. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఇమడలేక పెనుగులాడడం ఆ ముప్పై ఏళ్ళ పుస్తకాల్లో పదేపదే కనిపిస్తుంది.

ఈ వ్యాపారానికి పునాది అంతకు రెండు తరాల ముందే పడింది. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ప్రాంగణం దగ్గర దుకాణం నడిపిన జాన్ న్యూబెరీ 1744లో పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేసి, మగపిల్లలకు బంతి, ఆడపిల్లలకు గుండుసూదుల దిండు జతచేసి అమ్మాడు. పుస్తకం ఆరు పెన్నీలు, ఆ బహుమతితో కలిపితే ఎనిమిది. ఆయనకు పేటెంటు మందుల వ్యాపారం కూడా ఉండేది. 1765లో ఆయన ప్రచురించిన 'గూడీ టూ షూస్' కథలో నాయిక తండ్రి జ్వరంతో చనిపోవడానికి కారణం, ఆ ఊళ్ళో డాక్టర్ జేమ్స్ పొడి దొరకకపోవడమే. ఆ పొడిని అమ్మేది న్యూబెరీయే! పిల్లల కథను పెద్దవాళ్ళ జేబు కోసం వాడుకోవడం ఎంత పాతదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆయన తరువాత ఆ దుకాణం బంధువుల చేతులు మారి, ఎలిజబెత్ న్యూబెరీ దగ్గర పనిచేసిన జాన్ హారిస్‌కు కొత్త శతాబ్దం మొదట్లో దక్కింది.

అప్పటికి పోటీదారులు చాలామంది తయారయ్యారు. గ్రేస్‌చర్చ్ వీధిలో విలియం డార్టన్, ఆయన భాగస్వామి జోసెఫ్ హార్వీ ఉండేవారు, ఇద్దరూ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. న్యూ బాండ్ వీధిలో సంపన్నుల ఇళ్ళకు దగ్గరగా బెంజమిన్ టాబర్ట్ దుకాణం ఉండేది. 1805లో విలియం గాడ్విన్, ఆయన భార్య మేరీ జేన్ కూడా ఈ రంగంలోకి దిగారు. వీరు కాక మతసంఘాలు వేరే మార్గంలో లక్షల ప్రతులు పంచుతున్నాయి. ఈ రెండు మార్గాలనూ కలిపి మాట్లాడితే విషయం గందరగోళమవుతుంది కాబట్టి ముందు దుకాణాల సంగతి చూద్దాం.

హారిస్ దుకాణంలో అమ్మిన ఒక మామూలు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే అది అరచేతిలో ఇమిడిపోతుంది. పదహారు పేజీలు, లోపల దారపు కుట్టు, బయట కాస్త మందమైన కాగితం అట్ట. పేజీకి ఒకవైపే అచ్చు ఉంటుంది, రెండో వైపు ఖాళీ. దీనికి కారణం పొదుపుకు విరుద్ధంగా కనిపించినా, ఆ బొమ్మలు అచ్చయిన పద్ధతిలోనే ఉంది. అవి రాగి రేకు మీద చెక్కినవి. రాగి రేకులో సిరా చెక్కిన గీతల లోపల నిలుస్తుంది, తడిపిన కాగితాన్ని రోలర్ల మధ్య గట్టిగా ఒత్తితే తప్ప పైకి రాదు. సీసపు అక్షరాలది దీనికి విరుద్ధం, వాటిలో సిరా అక్షరం పైముఖాన ఉంటుంది. అందువల్ల రాగి బొమ్మనూ సీసపు అక్షరాన్నీ ఒకే యంత్రంలో ఒకే ఒత్తుతో వేయడం కుదరదు. అలా రెండుసార్లు వేసే బదులు, చాలామంది ప్రచురణకర్తలు బొమ్మ కింది పద్యాన్ని కూడా అదే రాగి రేకు మీద చెక్కించి ఒకేసారి అచ్చు వేసేవారు. అంత గట్టిగా ఒత్తిన కాగితం రెండో వైపు మళ్ళీ బొమ్మ వేయడానికి అంతగా పనికిరాదు. రాగి మెత్తని లోహం కాబట్టి కొన్ని వేల ప్రతుల తరువాత గీతలు అరిగిపోయి, రేకును తిరిగి చెక్కించవలసి వచ్చేది.

దీనికి పోటీగా న్యూకాజిల్‌లో థామస్ బ్యూయిక్ వృద్ధి చేసిన కొయ్య చెక్కడం ఉండేది. బాక్స్‌వుడ్ అనే గట్టి చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద సన్నని ఉలితో చెక్కేవారు. ఆ దిమ్మె అక్షరాల ఎత్తే ఉంటుంది కాబట్టి వాటి పక్కనే బిగించి రెంటినీ ఒకేసారి అచ్చు వేయవచ్చు, ఎన్ని వేల ప్రతులకైనా తట్టుకుంటుంది. మతసంఘాల చౌక పుస్తకాలు కొయ్య దిమ్మెలతోనూ, దుకాణాల బహుమతి పుస్తకాలు రాగి రేకులతోనూ ఎక్కువగా రావడానికి మూల కారణం ఇదే. అభిరుచి కన్నా లెక్కే ఇక్కడ ఎక్కువ పనిచేసింది.

ఇక రంగు. ఆ కాలంలో రంగుల అచ్చు వాడుకలోకి రాలేదు, ప్రతి బొమ్మకూ చేతితోనే రంగు వేయాలి. ఒక బల్ల చుట్టూ పనివాళ్ళు కూర్చుంటారు, వారిలో చాలామంది పదేళ్ళు దాటిన పిల్లలే. ఎదురుగా రంగు వేసిన మాదిరి ప్రతి ఒకటి ఉంటుంది. ఒకరు నీలం మాత్రమే వేసి కాగితాన్ని పక్కవారికి జరుపుతారు, వారు ఎరుపు వేసి జరుపుతారు, మరొకరు పసుపు. రంగు ప్రతుల్ని దగ్గరగా చూస్తే ఈ తొందర కనిపిస్తుంది. కోటు ఎరుపు పక్కవాడి ముఖం మీదికి ఒలికి ఉంటుంది, ఆకుపచ్చ గీత దాటిపోయి ఆకాశంలోకి పాకుతుంది. అల్లరి చేయకుండా చదువుకునే బాలుడి బొమ్మకు, ఆ వయసువాడే మరో బాలుడు కూలికి రంగు వేశాడన్న సంగతి ఆ పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

ధరలు చూస్తే కొనేవారు ఎవరో తేలిపోతుంది. మామూలు ప్రతి ఒక షిల్లింగు, రంగు వేసినది షిల్లింగున్నర. చిన్నవైతే ఆరు పెన్నీలు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, పౌనుకు ఇరవై షిల్లింగులు. పొలం కూలీకి వారమంతా పనిచేస్తే పది షిల్లింగులకు కాస్త అటూ ఇటూగా వచ్చే రోజులవి. నెపోలియన్ యుద్ధాల కాలం కావడంతో కాగితం మీద పన్ను కూడా భారంగానే ఉండేది. వారం కూలిలో పదో వంతు పెట్టి పదహారు పేజీల పుస్తకం కొనే తండ్రి ఆ కూలీల్లో ఉండడు. కొన్నది వర్తకులు, వకీళ్ళు, మతగురువులు, వైద్యుల కుటుంబాలు. వారిలో చాలామంది తమ పిల్లల్ని పనివాళ్ళు చెప్పే దయ్యాల కథల నుంచీ, సంతల్లో గంపలవాళ్ళు అమ్మే అరపెన్నీ పుస్తకాల నుంచీ కాపాడుకోవాలని ఆత్రపడినవారే. ఫ్రెంచి విప్లవం తరువాత ఈ ఆత్రం భయంగా మారింది. పిల్లవాడి చేతిలో ఏ పుస్తకం ఉంది అన్నది ఇంటి విషయం మాత్రమే కాదు, రాజ్యం విషయం అని నమ్మేవారు పెరిగారు.

ఆ నమ్మకానికి నోరు సారా ట్రిమ్మర్. ఆమె 1802 నుంచి 1806 వరకు 'ది గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్' అనే పత్రిక నడిపి, బజారులోకి వచ్చే పిల్లల పుస్తకాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఏది ఇవ్వవచ్చో ఏది ఇవ్వకూడదో తల్లిదండ్రులకు చెప్పింది. పిల్లల పుస్తకాల సమీక్షను ఒక క్రమంతో చేసిన తొలి పత్రిక అదే అనడం సమంజసం. సిండ్రెల్లా కథ అసూయనూ, సవతి తల్లి మీద ద్వేషాన్నీ, బట్టల మీద మోజునూ నేర్పుతుందని ఆరోపించిన ఒక పాఠకురాలి ఉత్తరాన్ని ఆమె ఆమోదంతో ప్రచురించింది. ఈ రోజు ఆమెను ఎగతాళి చేయడం తేలిక. కాని ఆమె మాట మీద కొనుగోళ్ళు ఆధారపడినప్పుడు ప్రచురణకర్త ఏం చేస్తాడో ఊహించండి. కథ మానుకోడు, కథకు నీతి అతుకు వేస్తాడు.

టాబర్ట్ 1807లో వేసిన జాక్, చిక్కుడు తీగ కథ అలాంటి అతుకుకు చక్కని నమూనా. కథ మీకు తెలిసిందే. కుర్రవాడు తీగ ఎక్కి రాక్షసుడి ఇంటికి వెళ్ళి, కోడినీ సంచులనీ వీణనీ ఎత్తుకొస్తాడు. సూటిగా చూస్తే అది దొంగతనం. టాబర్ట్ ప్రతిలో తీగ పైన ఒక దేవకన్య జాక్‌కు ఎదురై, ఆ రాక్షసుడు నీ తండ్రిని చంపి ఆస్తి దోచుకున్నవాడు, ఆ సొత్తు నీదే అని ఓ పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. దొంగతనం కాస్తా న్యాయంగా మారిపోయింది! ఆ ఉపన్యాసం కోసం కథ ఎంతసేపు ఆగిపోతుందంటే, అక్కడ పిల్లవాడు పేజీ తిప్పేసి ఉంటాడని నా అనుమానం. 1890లో జోసెఫ్ జేకబ్స్ ఈ కథను మళ్ళీ చెప్పినప్పుడు దేవకన్యను పూర్తిగా తీసేశాడు, కథకు ఏ లోటూ రాలేదు.

ఇంతకన్నా వినోదమైనది 1810లో రాత్‌బోన్ ప్లేస్‌లోని ఫుల్లర్ల దుకాణం అమ్మిన 'లిటిల్ ఫ్యానీ'. బట్టల మోజులో పడి తల్లి మాట వినని పిల్ల, తన మంచి బట్టలు పోగొట్టుకుని బిచ్చమెత్తి, కూలి పనులు చేసి, చివరికి బుద్ధి తెచ్చుకుని పుస్తకం పట్టుకుని ఇల్లు చేరుతుంది. కథ అంతే. కాని ఆ చిన్న పుస్తకంతో పాటు కత్తిరించిన కాగితం బొమ్మలు ఏడు వస్తాయి, వాటన్నిటికీ తల ఒక్కటే. ఆ తలను ఒక్కో దుస్తుల వెనక దూర్చి బొమ్మకు బట్టలు మార్చవచ్చు. బట్టల మోజు తప్పని చెప్పే కథను బట్టలు మార్చే ఆటగా అమ్మారన్నమాట. ధర కనీసం ఐదు షిల్లింగులు. పాఠం చదివి తృప్తిపడి డబ్బిచ్చింది తల్లి, తల తీసి మరో గౌనులో పెట్టింది కూతురు. ఎవరికి కావలసింది వారికి దక్కింది.

ఇలా మాట్లాడితే ఆ కాలం రచనలన్నీ అతుకుల బొంతలే అనిపించవచ్చు. అది అన్యాయం. మరియా ఎడ్జ్‌వర్త్ 1796లో రాసిన 'ది పర్పుల్ జార్' ఇప్పటికీ నన్ను ఆకట్టుకుంటుంది. రోజామండ్ అనే ఏడేళ్ళ పిల్ల మందుల దుకాణం కిటికీలో ఊదారంగు గాజు కూజా చూసి మనసు పారేసుకుంటుంది. కాలి చెప్పులు అరిగిపోయాయి. కూజానా, చెప్పులా, ఒక్కటే కొంటాను, ఎంచుకో అంటుంది తల్లి. పిల్ల కూజా ఎంచుకుంటుంది. ఇంటికి తెచ్చి, లోపలి వాసనకొట్టే నీళ్ళు పారబోస్తే, ఊదారంగంతా ఆ నీళ్ళదే, కూజా మామూలు గాజు. ఆ తరువాత నెలంతా అరిగిన చెప్పులతో తిరగలేక అన్ని సరదాలూ పోగొట్టుకుంటుంది. చివరికి తండ్రి కూడా, అలాంటి చెప్పులతో నా వెంట రావద్దని ఆమెను ఇంట్లోనే వదిలి వెళతాడు. తల్లి కఠినురాలని తరాల పాఠకులు కోప్పడ్డారు. కాని చివరి మాట గమనించండి. ఇకమీదట తెలివిగా ఉంటానని చెప్పబోయిన పిల్ల మధ్యలో ఆగి, అంత కచ్చితంగా చెప్పలేను, ఉంటానని మాత్రం అనుకుంటున్నాను అంటుంది. పిల్లల నోటి తీరు తెలిసిన రచయిత్రికే ఆ సందేహం తోస్తుంది. ఎడ్జ్‌వర్త్ తన తండ్రి ఇంట్లో చాలామంది చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ దగ్గరుండి పెంచిన మనిషి.

నీతి బొత్తిగా లేకుండా అమ్ముడుపోయినవీ ఉన్నాయి. లివర్‌పూల్ పార్లమెంటు సభ్యుడు విలియం రాస్కో తన కొడుకు కోసం రాసిన 'బటర్‌ఫ్లైస్ బాల్' పద్యం 1806లో ఒక పత్రికలో వచ్చింది, దాన్ని 1807 జనవరిలో హారిస్ విలియం మల్రెడీ బొమ్మలతో పుస్తకంగా వేశాడు. పురుగులన్నీ విందుకు వెళతాయి, తింటాయి, ఆడతాయి, చీకటి పడితే మిణుగురు దీపంతో ఇళ్ళకు పోతాయి. అందులో బుద్ధి చెప్పే మాట ఒక్కటీ లేదు. వెంటనే దానికి అనుసరణగా కేథరీన్ డార్సెట్ రాసిన నెమలి విందు పద్యం వచ్చింది. ఆ రెండూ కలిపి ఏడాదిలో నలభై వేల ప్రతులు అమ్ముడుపోయాయని చెబుతారు. హారిస్ అది చూసి ఊరుకోలేదు, ఏనుగు విందు, సింహం విందు అంటూ వరుసగా వదిలాడు. అయితే ఆ వరుసలోనూ తల్లిదండ్రుల నీడ తప్పలేదు. విందుల వెంట పక్షుల గురించీ జంతువుల గురించీ వివరాల పట్టీలు చేరి, అవి ప్రకృతి శాస్త్ర పాఠాలుగా కూడా అమ్ముడుపోయాయి.

డార్టన్, హార్వీల సంగతి కాస్త వేరు. క్వేకర్లు కాబట్టి కల్పన అంటే వారికి జంకు, ఆడంబరం గిట్టదు. కాని వారు 1804లో ప్రచురించిన 'ఒరిజినల్ పోయెమ్స్ ఫర్ ఇన్‌ఫెంట్ మైండ్స్' ఆ శతాబ్దమంతా తిరిగి తిరిగి అచ్చయింది. దానిలో ఎక్కువ పద్యాలు రాసినది ఆన్ టేలర్, జేన్ టేలర్ అనే అక్కచెల్లెళ్ళు. తండ్రి ఐజాక్ టేలర్ రాగి చెక్కే పనివాడు, ఆడపిల్లలు కూడా రోజంతా అదే పనిలో కూర్చుని, మిగిలిన వేళల్లో పద్యాలు రాసేవారు. వారిద్దరి 'రైమ్స్ ఫర్ ది నర్సరీ' అనే సంపుటం 1806లో వచ్చింది. అందులో 'ది స్టార్' అని జేన్ రాసిన ఐదు చరణాల పద్యం ఉంది. మన నర్సరీ బడుల్లో పిల్లలు చేతులు తిప్పుతూ పాడే 'ట్వింకిల్ ట్వింకిల్' ఆ పద్యంలోని మొదటి చరణమే. తరువాతి చరణాల్లో చీకట్లో దారి పోయే బాటసారి ఆ చిన్న వెలుగుకు కృతజ్ఞత చెప్పుకుంటాడు. అక్కడ నీతి ఉంది, కాని అది పద్యం ఒంట్లో కలిసిపోయింది. ఇదే సంస్థ 1826లో అమీలియా ఓపీ రాసిన 'ది బ్లాక్ మ్యాన్స్ లమెంట్' కూడా వేసింది. చెరకు నాటడం నుంచి పంచదార తయారీ దాకా ప్రతి దశనూ ఒక బానిస నోట చెప్పించి, రంగు బొమ్మలతో చూపిన పుస్తకం అది. నీతి పుస్తకం అంటే తల్లిదండ్రుల మాట వినమని చెప్పేదే అనుకునేవారు దీన్ని తప్పక చూడాలి. తేనీటి బల్ల మీది పంచదార గిన్నె గురించి ఇంట్లో పెద్దల్ని నిలదీయమని పిల్లలకు చెప్పిన పుస్తకం ఇది.

గాడ్విన్ కథ వ్యాపారంగా చూస్తే విషాదమే. రాజ్యమూ ఆస్తీ వివాహమూ అన్నిటినీ ప్రశ్నించిన తత్త్వవేత్తగా ఆయన పేరు అప్పటికే అపకీర్తి పాలైంది. ఆ పేరు అట్ట మీద ఉంటే ఏ తల్లీ కొనదు. అందుకని దుకాణం మొదట ఒక ఉద్యోగి పేరు మీద, 1807లో స్కిన్నర్ వీధికి మారాక భార్య పేరు మీద నడిచింది. తాను రాసిన నీతి కథలకూ చరిత్రలకూ ఎడ్వర్డ్ బాల్డ్విన్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. చార్లెస్, మేరీ లాంబ్‌ల 'టేల్స్ ఫ్రమ్ షేక్‌స్పియర్' 1807లో ఈ దుకాణం నుంచే వచ్చింది. ఇరవై కథల్లో పద్నాలుగు రాసింది మేరీ, అట్ట మీద పేరు మాత్రం తమ్ముడిది. 'స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్'ను ఇంగ్లీషులోకి మొదట తెచ్చినవారూ వీరే, 1814లో. ఇంత చేసినా అప్పుల నుంచి బయటపడలేక 1825లో దివాలా తీశారు. మంచి పుస్తకాలు వేస్తే చాలు వ్యాపారం నిలబడుతుందనే వారికి నేను చూపించే మొదటి ఉదాహరణ ఇది.

ఇప్పుడు రెండో మార్గం, అంటే మతసంఘాలది. 1795లో హన్నా మోర్ మొదలుపెట్టిన చౌక కరపత్రాలు అరపెన్నీ నుంచి పెన్నీన్నర దాకా ధరతో, సంతల్లో దొరికే పాటల పుస్తకాల రూపంలోనే, అలాంటి కొయ్య బొమ్మలతోనే వచ్చి ఏడాదిలో ఇరవై లక్షలకు పైగా పోయాయి. పేదలు ఎగబడి కొన్నారని ఈ అంకెకు అర్థం చెప్పకూడదు. ఎక్కువ భాగం ధనికులు కట్టలుగా కొని పంచిపెట్టినవే. వారి కోసం మంచి కాగితం మీద వేరే ప్రతులు కూడా వేశారు. 1799లో ఏర్పడిన రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ ఈ పద్ధతినే అందిపుచ్చుకుంది. ఆదివారపు బడుల్లో పిల్లల సంఖ్య 1831 నాటికి పది లక్షలు దాటింది, హాజరుకూ కంఠస్థానికీ బహుమతి పుస్తకాలివ్వడం అక్కడ ఆనవాయితీ అయింది. ఇలా ఇచ్చిన పుస్తకాన్ని పిల్లవాడూ ఎంచుకోలేదు, అతని తల్లిదండ్రులూ ఎంచుకోలేదు. ఆ వ్యాపారంలో పాఠకుడు నచ్చలేదని చెప్పే దారే లేదు కాబట్టి పుస్తకం మారవలసిన అవసరమూ రాలేదు. నీరసమైన పుస్తకాలు ఎక్కువ భాగం ఈ మార్గంలోనే పుట్టాయి.

అయితే మతపరమైన రచనలన్నీ నీరసం కావు. భర్త సైన్యంలో ఉన్నందున 1805 నుంచి 1816 వరకు మన దేశంలో ఉన్న మేరీ మార్తా షెర్వుడ్ రాసిన 'ఫెయిర్‌చైల్డ్ ఫ్యామిలీ' 1818లో వచ్చింది. బొమ్మ కోసం కొట్టుకున్న పిల్లలను తండ్రి శిక్షించి, ఆ తరువాత అడవి దారిన నడిపించుకుపోయి, ఉరికొయ్యకు గొలుసులతో వేలాడుతున్న శవాన్ని చూపిస్తాడు. అన్నదమ్ముల పోట్లాట పెరిగి హత్య దాకా పోయినవాడి శవం అది. గాలికి గొలుసులు కదిలే చప్పుడు కూడా ఆమె వదలలేదు. దీన్ని భరించలేనివారు చాలామంది ఉన్నారు, మరచిపోగలిగినవారు మాత్రం తక్కువ. ఆమె 1814 నాటి 'లిటిల్ హెన్రీ అండ్ హిజ్ బేరర్' మనకు మరింత ఇబ్బంది కలిగిస్తుంది. దానాపూర్‌లో అనాథ ఇంగ్లీషు బాలుడు తనను పెంచిన హిందూ బోయీని మతం మార్చాలని తపించి ఎనిమిదేళ్ళకే చనిపోతాడు. భారతదేశం గురించి ఎన్నో తరాల ఇంగ్లీషు పిల్లలకు తొలి పరిచయం ఈ కథే అయిందన్నది మనం మరచిపోకూడదు.

మీ రెండో ప్రశ్న, పిల్లలు ఇష్టపడ్డారా అన్నది. దీనికి నిక్కమైన సాక్ష్యం తక్కువ. చార్లెస్ లాంబ్ 1802లో కవి కోల్‌రిడ్జ్‌కు రాసిన ఉత్తరంలో, పిల్లల పుస్తకాల రచయిత్రులు బార్బాల్డ్, ట్రిమ్మర్ల పుస్తకాలు పాత కథలన్నిటినీ దుకాణాల నుంచి తరిమేశాయని మండిపడ్డాడు. కాని దుకాణంలో అడిగింది ఆయన అక్క మేరీ, అంటే కొనడానికి వెళ్ళింది పెద్దవారే; వారు వెతికిన 'గూడీ టూ షూస్' కూడా నీతి కథే. నాకు ఎక్కువ నమ్మకం ప్రతుల మీద. బడి బహుమతి చీటీ అతికించిన మత పుస్తకాలు చాలాసార్లు కొత్తవాటిలా మిగిలాయి. 'బటర్‌ఫ్లైస్ బాల్' వంటివి మంచి స్థితిలో దొరకడం అరుదు. కుట్టు ఊడి, మూలలు అరిగి, పిల్లలు తమ చేత్తో మళ్ళీ రంగులు పూసినవే కనిపిస్తాయి. ప్రతి మిగలకపోవడమే దాన్ని బాగా చదివారనడానికి గుర్తు అని అందరూ అంగీకరించరు, అంతకన్నా మెరుగైన గుర్తు మాత్రం నాకు కనబడలేదు.

చివరిగా మన సంగతి. ఇక్కడ సంబంధం మొదట మద్రాసు నుంచి లండన్‌కు పోయింది. 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్, దగ్గరలోని వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టించాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే ఏర్పాటూ అక్కడే చేసి, 1797లో లండన్‌లో దానిపై పుస్తకం ప్రచురించాడు. మన ఊళ్ళలో ఓనమాలు దిద్దిన ఇసుకే 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ బడుల ద్వారా ఇంగ్లీషు పల్లెలకు చేరింది. బెల్ ప్రత్యర్థి జోసెఫ్ లాంకాస్టర్ ఒకే పుస్తకాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, పలకలకు అతికించి గోడకు వేలాడదీసి, బడి మొత్తానికి దానితోనే పాఠం చెప్పించాడు. బడులు వేలల్లో పెరిగినా పాఠపుస్తకాల గిరాకీ అదే వేగంతో పెరగకపోవడానికి ఈ పొదుపు ఒక కారణం.

తిరుగు ప్రయాణం 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీతో మొదలైంది. దాని సభ్యుడైన వెన్నెలకంటి సుబ్బారావు ఆ ఏడే ఇచ్చిన నివేదికలో, మన బడుల్లో పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలు వల్లిస్తున్నారని, తేలికగా అర్థమయ్యే నీతి కథలూ వ్యాకరణాలూ కావాలని కోరాడు. అయితే తెలుగులో ఆ నీతి కథలు ఎడ్జ్‌వర్త్ నుంచో ట్రిమ్మర్ నుంచో రాలేదు, పంచతంత్రం నుంచి వచ్చాయి. సివిలు ఉద్యోగులకు భాషలు నేర్పడానికి 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాల పండితులు దాన్ని వచనంలో పెట్టారు. ఆ దారిలోనే 1853లో చిన్నయసూరి 'నీతిచంద్రిక' వచ్చింది. అవి మొదట దొరల చదువుకూ, తరువాత పరీక్షలకూ పనికివచ్చాయి. లండన్‌లో హారిస్ దుకాణం కిటికీ ముందు ముక్కు ఆనించి నిలబడే పిల్లవాడు ఇక్కడి ప్రచురణ లెక్కల్లో చాలా కాలం కనిపించడు. తొలినాటి తెలుగు వాచకాల్లో బొమ్మలు అంత తక్కువగా ఉండడానికి, ఖర్చుతో పాటు ఇదీ ఒక కారణమని నేననుకుంటాను.

మీరు చదవడం మొదలుపెట్టాలనుకుంటే 'ది పర్పుల్ జార్' ముందు చదవండి, పది నిమిషాల పని. తరువాత 'బటర్‌ఫ్లైస్ బాల్' చూడండి, వీలైతే రంగు ప్రతిని. 'ఫెయిర్‌చైల్డ్ ఫ్యామిలీ' అయితే తొలి ముద్రణ పాఠమేనా అని సరిచూసుకోండి. విక్టోరియా కాలపు చాలా ముద్రణల్లో ఉరికొయ్య ఘట్టాన్ని తొలగించారు.